30 రోజుల నాటి రక్తం ఎక్కించొచ్చా?

ప్రశ్న (అనంతపురం):
రేపు మా అమ్మకు తుంటి ఆపరేషన్. తెచ్చిన ఎర్రకణాల బ్యాగు మీద తేదీ చూస్తే 30 రోజుల కిందటిది. ఒకటే టెన్షన్. కణాలు బతికే ఉంటాయా?

జవాబు (కర్నూలు, బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్):
ఉంటాయక్కా, భయపడొద్దు. కణాలను నిల్వ ఉంచే ఎస్‌ఏజీఎం ద్రావణం కలిపిన బ్యాగు 2–6 డిగ్రీల చలిలో 42 రోజులు పనికొస్తుంది. మార్పులైతే నిజమే. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గుతుంది, గుండ్రటి కణం మీద ముళ్లలాంటివి లేస్తాయి, పొటాషియం బయటికి కారుతుంది. ఆక్సిజన్‌ను వదలడానికి సాయపడే 2,3-డీపీజీ రెండు వారాలకే దాదాపు అయిపోతుంది. కానీ ఒంట్లోకి వెళ్లాక రెండు మూడు రోజుల్లో అది మళ్లీ చేరుతుంది. ఎక్కించిన 24 గంటలకు కూడా కనీసం ముప్పావు వంతు కణాలు నిలవాలన్న లెక్కతోనే గడువు పెట్టారు. 2015, 2016లో వచ్చిన పెద్ద పరిశోధనల్లో తాజా రక్తం వల్ల మరణాలేమీ తగ్గలేదు. నాకు తేదీ కన్నా చలి తప్పడమే పెద్ద భయం. బ్యాగును మీ దగ్గర ఉంచుకోకుండా వెంటనే ఆసుపత్రికి అప్పగించండి.

జవాబు (కడప):
మా బాబుకు తలసేమియా. నెలనెలా ఎక్కించాలి కాబట్టి వీలైనంత కొత్తదే ఇవ్వమంటారు డాక్టరు.

కర్నూలు:
అవునన్నా, వాళ్లకు అదే మేలు. కణాలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. పసికందులకు ఒకేసారి ఎక్కువ ఎక్కించేటప్పుడు కూడా, పాత బ్యాగులో కారిన పొటాషియం వల్ల కొత్తదే చూస్తాం.