అప్‌డేట్: లైబ్రరీ వెబ్‌సైట్ మెనూ సమస్య కార్డ్ సార్టింగ్‌తో తీరింది

మా ఊరి లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఏది ఎక్కడుందో పాఠకులకు దొరకట్లేదు, మెనూ ఎలా మార్చాలి అని అప్పట్లో అడిగాను. ఇప్పుడు తేలింది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది ఓపెన్ కార్డ్ సార్టింగ్, అంటే పేజీల పేర్లు రాసిన కార్డుల్ని వాడేవాళ్ల చేతే వాళ్లకు తోచినట్టు కుప్పలుగా పేర్పించడం. 42 అట్టముక్కల మీద ఒక్కో పేజీ పేరు రాసి 15 మంది సభ్యులకు విడివిడిగా ఇచ్చాం. (15 మంది చాలని వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యంపై నిపుణుడు జాకబ్ నీల్సన్ 2004లోనే చెప్పారు.) కుప్పలు వాళ్లే చేశారు, పేర్లూ వాళ్లే పెట్టారు. మా మెనూలో పెద్దక్షరాలతో ఉన్న 'సర్క్యులేషన్' (పుస్తకాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం) అన్న మాట ఒక్కరూ వాడలేదు! సభ్యత్వం, డిపాజిట్ వాపసు, రెన్యువల్, ఆలస్య రుసుము మా దగ్గర మూడు చోట్ల ఉండేవి. 12 మంది వాటిని ఒకే కుప్పలో వేశారు. ఒక డిగ్రీ అమ్మాయి దానికి 'నా కార్డు' అని పేరు రాసింది. అంతకన్నా మంచి పేరు మాకు తట్టలేదు, అదే ఉంచాం. కార్డులు పేరుస్తూ వాళ్లు పైకి అనుకున్న మాటల్ని తప్పకుండా రాసుకోండి, అసలు కారణాలు అక్కడే దొరుకుతాయి.

'పాత పత్రికలు' మాత్రం తేలలేదు. ఏడుగురు ఒకచోట, ఎనిమిదిమంది ఇంకోచోట పెట్టారు. రెండు చోట్లా లింకు ఇచ్చేశాం.

తర్వాత కొత్త మెనూ పనిచేస్తుందో లేదో చూడటానికి ట్రీ టెస్టింగ్ చేశాం. ఉత్త మెనూ పేర్లే చూపించి 'డిపాజిట్ వెనక్కి ఎలా తీసుకోవాలి' వెతకమన్నాం. కొత్తగా పిలిచిన 10 మందిలో 9 మంది నేరుగా వెళ్లారు.

రంగులు, ఫాంటు, హోస్టింగ్‌కి దీనితో సంబంధం లేదు. సాఫ్ట్‌వేర్ కూడా కొనలేదు. ఫోన్‌లో ఫొటోలు, ఒక ఎక్సెల్ షీటు సరిపోయాయి.