పిల్లకు తండ్రెవరో తేల్చేది పుంజా, పెట్టా?

గంపకింద: ఒకే పెట్టను ఒకే రోజు రెండు మూడు పుంజులు తొక్కడం ఊళ్ళో అందరూ చూసేదే. గొడవ అక్కడితో అయిపోదు, లోపల వీర్యకణాల మధ్య కూడా పోటీ నడుస్తుందని 1970లో జెఫ్రీ పార్కర్ అనే జీవశాస్త్రవేత్త పురుగుల గురించి రాశాడు. నా ప్రశ్న ఒక్కటే: ఆ పోటీలో గెలుపు మగదాని సత్తా వల్లా, ఆడది లోపల్లోపల ఎంచుకోవడం వల్లా?

నా ఓటు మగదానికే. గొరిల్లా ముందు చింపాంజీ ఎంత? అయినా చింపాంజీ వృషణాలు 120 గ్రాముల దాకా తూగితే, గొరిల్లావి 30 గ్రాములే. గొరిల్లా గుంపులో సాధారణంగా పెద్ద మగదానిదే రాజ్యం. ఆడ చింపాంజీ గుంపులోని మగవాటిలో చాలావాటితో కలుస్తుంది. ఎక్కువ వీర్యం ఉన్నదే నెగ్గుతుంది.

పచ్చగడ్డి: గంపకింద గారూ, కోడితో మొదలుపెట్టి అడవికి పోయారేంటి? కోడి దగ్గరే ఉందాం. పిజ్జారీ, బర్క్‌హెడ్ అనే పరిశోధకులు 2000లో వదిలేసిన నాటుకోళ్ళలో గమనించింది ఇదీ: గుంపులో విలువలేని పుంజు తొక్కి దిగగానే, పెట్ట ఆ వీర్యాన్ని బయటికి చిమ్మేస్తుంది. పెత్తనం చేసే పుంజుదైతే ఉంచుకునే అవకాశం ఎక్కువ. పుంజు ఒళ్ళు పెద్దది, మీద పడితే పెట్ట ఆపలేదు. ఆపలేనిదాన్ని తర్వాత వదిలించుకుంటోంది. దీన్ని ఎంపిక అనక ఏమంటారు?

లెక్కలసారు: అంత తొందరెందుకు మేడం? 1999లో ఫ్రోమన్, బర్క్‌హెడ్ వాళ్ళు వేర్వేరు పుంజుల వీర్యం కలిపి కృత్రిమంగా పెట్టలకు ఎక్కించారు. ఎవరి కణాలు చురుగ్గా కదిలాయో వాళ్ళకే పిల్లలు ఎక్కువ. పెట్టకు ఇష్టాయిష్టాలు ఉంటే అక్కడ కనిపించాలి కదా?

పచ్చగడ్డి: ఎలా కనిపిస్తాయి సార్? ఆ పెట్ట పుంజును చూసిందా? ఎవడిదో తెలియని వీర్యం లోపలికి పోసి, "చూశారా, దీనికి ఇష్టం లేదు" అంటే ఎలా? చూడకుండా పెళ్ళి చేసి పిల్ల ఒప్పుకుందన్నట్టుంది.

భీమవరంబాబు: మీ సిద్ధాంతాలు మీరు తేల్చుకోండి. పందెం జాతి కలవకూడదనుకునేవాళ్ళు పెట్టను తొక్కించే ముందు రెండు మూడు వారాలు వేరే పుంజు మొహం చూడనివ్వరు. పాత పుంజు వీర్యం అన్నాళ్ళూ లోపల బతికే ఉంటుంది మరి.

లెక్కలసారు: కరెక్ట్ బాబూ. అండవాహికలో ఆ నిల్వకోసమే సన్నటి గొట్టాలుంటాయి. కోడిలో పోటీ రోజుల తరబడి సాగేది అందుకే.

గంపకింద: పుంజేమీ అమాయకుడు కాదండీ. 2003లో తేలిందేంటంటే, పక్కన పోటీ పుంజులుంటే అది వీర్యం విడుదల చేసే లెక్కే మారుతుంది. తురాయి పెద్దగా ఉన్న పెట్టకు ఎక్కువ ఇస్తుంది, పాత పెట్టకంటే కొత్తదానికి ఎక్కువ. సన్న తూనీగల సంగతి ఇంకా ఘోరం: మగది తన అంగంతో ఆడదాని లోపల ముందే ఉన్న వీర్యాన్ని గీకి తీసేశాకే తనది పెడుతుంది. 1979లో వాగే అనే ఆయన చూపించాడు.

పచ్చగడ్డి: గీకడానికి పుంజుకు అంగమెక్కడిదండీ? రెండు రంధ్రాలు ఆనించుకోవడమేగా దాని కాపురం! అందుకే ఇక్కడ పెట్టకు వెసులుబాటు. పిజ్జారీయే 2001లో ఇంకోటి రాశాడు: చిల్లర పుంజు మీదికొస్తే పెట్ట గట్టిగా అరుస్తుంది, ఆ అరుపు విని పెత్తనం పుంజు వచ్చి దాన్ని తరిమేస్తుంది.

గంపకింద: తరిమింది పుంజేగా? కాపలా కాసినవాడికి కూలి దక్కింది. అది మగ పోటీ కాదా?

పచ్చగడ్డి: పిలిచిందెవరో కూడా చెప్పండి మరి.