తుక్కు నుంచి తెచ్చిన డిస్క్ బ్రేకుల ఇరుసును పాత జీపుకు వేయడం సబబేనా?

ఎత్తు బానెట్టు:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1950ల నాటి విల్లీస్ సీజే-3బి జీపు ఉంది. మా నాన్నగారు నడిపిన బండి కాబట్టి వదులుకోలేను. గంటకు 50 కిలోమీటర్లు దాటితే స్టీరింగు వణుకుతుంది, బ్రేకు నొక్కితే బండి ఎడమకు లాగుతుంది, నీళ్లు దాటించిన తరువాత కొంతదూరం బ్రేకులు అసలు పట్టవు. ఉన్నవి 9 అంగుళాల డ్రమ్ములు, నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు లైను. ఈ మధ్య ఒక పాడైన సీజే జీపు నుంచి ఊడదీసిన డానా 30 రకం ముందు ఇరుసు దొరికింది. ఆ బండి 1977 తరువాతిది కావడంతో దానికి డిస్క్ బ్రేకులు ఉన్నాయి. మూత విప్పి పళ్లు లెక్కపెట్టాను: చక్రాలను తిప్పే పెద్ద గేరు క్రౌనుకు 41, దాన్ని తిప్పే చిన్న గేరు పినియనుకు 10, అంటే నిష్పత్తి 4.10. నా వెనుక ఇరుసులో 43, 8, అంటే 5.38. కమాన్ కట్టలు కూర్చునే దిమ్మలు కూడా నా బండి కొలతకు సరిపోవు కనుక వాటిని కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. ఈ పనికి పూనుకోవచ్చా, లేక పాత ఇరుసునే బాగుచేసుకోవాలా?

పాత ఇనుము:
నిస్సంకోచంగా పూనుకోండి. డ్రమ్ములో చేరిన నీరు త్వరగా బయటికి పోదు. డిస్కు మీది నీటిని ప్యాడ్లు త్వరగానే తుడిచేస్తాయి. మీరు చెప్పిన మూడు బాధల్లో ఒకటి అక్కడికక్కడే తీరిపోతుంది. పైగా ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే మీ ట్రాన్స్‌ఫర్ కేసు స్పైసర్ 18 రకం, దాని ముందు షాఫ్టు కుడివైపు నుంచి వస్తుంది. మీకు దొరికిన ఇరుసు గుండు (క్రౌను, పినియను ఉండే ఉబ్బెత్తు భాగం) కూడా కుడివైపే ఉంటుంది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు వంకర పోదు. తుక్కు సామానులో ఇంత చక్కగా కుదిరే జోడీ అరుదుగా దొరుకుతుంది. నిష్పత్తి మాత్రం ఇలాగే వదిలేయకండి. రెండు ఇరుసుల్లోనూ 39, 8 పళ్ల 4.88 క్రౌన్ పినియన్లు వేయించండి. మొదటి గేరు 2.80, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46 అనుకుంటే ఇప్పుడు మొత్తం తగ్గింపు 37 రెట్లు వస్తోంది. 4.88తో అది 33.6 అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కొద్దిగా తెలుస్తుంది, కానీ రోడ్డు మీద ఇంజను అంతగా అరవదు.

షిమ్ముల డబ్బా:
అయ్యా, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ముందుగా జబ్బు ఎక్కడుందో చూడండి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట కనిపిస్తే, ఎవరినైనా బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని చెప్పి మళ్లీ ఊపండి. ఆట పోతే అది చక్రం బేరింగు, పోకపోతే చక్రం పక్కలకు తిరగడానికి ఇరుసు చివర ఉండే కింగ్ పిన్. ఆ తరువాత బండి ముందుభాగంలో ఛాసిస్ అడ్డుపట్టీ దగ్గర ఉండే బెల్ క్రాంకును చేత్తో కదిపి చూడండి. స్టీరింగు బాక్సు నుంచి వచ్చే కడ్డీ, చక్రాలకు పోయే రెండు కడ్డీలు దాని మీదే కలుస్తాయి. దాని బుష్షు అరిగితే మిగతావన్నీ కొత్తవి వేసినా వణుకు పోదు. ఎడమకు లాగడానికి కూడా చాలాసార్లు కారణం ఇరుసు చివర చక్రాన్ని మోస్తూ తిరిగే నకిల్ లోపలి సీలు పోయి, ఆయిలు ఒకవైపు బ్రేకు షూల మీదకు చేరడమే. ఇవేవీ చూడకుండా ఇరుసే మార్చేయమని సలహా ఇవ్వడం బాధ్యత అనిపించుకోదు.

రెండో గేరు:
బెల్ క్రాంకు మాట నిజం. మా బండికీ అదే.

పళ్ల లెక్క:
రెండు ఇరుసులకూ క్రౌన్ పినియన్లు మార్చాలన్నది తొందరపాటు సలహా అని నా అభిప్రాయం. 5.375ను 4.10తో భాగిస్తే 1.31 వస్తుంది. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక చుట్టు తిరిగినప్పుడు ముందు చక్రం వెనుక చక్రం కంటే 31 శాతం ఎక్కువ తిరగాలని చూస్తుంది. ఈ తేడాను చక్రాల సైజుతో సరిచేయవచ్చు. ఫోర్ వీల్ ట్రాక్టర్లలో ముందు చక్రాలు చిన్నవి, వెనుకవి పెద్దవి కాబట్టి గేర్లను కూడా ఆ తేడాకు తగ్గట్టే వేరువేరుగా పెడతారు కదా? సూత్రం అదే.

పాత ఇనుము:
పళ్ల లెక్క గారూ, మీ భాగహారం తప్పు కాదు. అయితే ఈ బండి టైరు 6.00-16, ఎత్తు 28 అంగుళాలు. 31 శాతం కలిపితే వెనుక టైరు దాదాపు 37 అంగుళాలు అవుతుంది. అది ఆ బండి మడ్‌గార్డుల కింద పట్టదు.

పళ్ల లెక్క:
పట్టుతుందా లేదా అన్నది వేరే విషయం. సూత్రం సరైనదా కాదా అన్నదే నా ప్రశ్న. ట్రాక్టర్లలో ముందు చక్రాలను కావాలనే కొద్ది శాతం ఎక్కువ వేగంతో తిప్పుతారు, అప్పుడే అవి బండిని ముందుకు లాగుతాయి. కనుక ముందూ వెనుకా నిష్పత్తులు అచ్చంగా ఒకటే ఉండాలన్నది సార్వత్రిక నియమం కాదు.

షిమ్ముల డబ్బా:
ఈ ఒక్క విషయంలో పాత ఇనుము గారితో ఏకీభవిస్తున్నాను. ముందు, వెనుక ఇరుసులను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఈ జీపుకు మధ్యలో లేదు. ఫోర్ వీల్ వేయగానే ముందు, వెనుక షాఫ్టులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. నిష్పత్తులు సమానంగా ఉన్నా కూడా పొడి రోడ్డు మీద మలుపు తిప్పితే బిగువు పెరిగి లివరు వెనక్కి రాదు. 31 శాతం తేడాతో అయితే బురదలో చక్రాలు జారి బతికిపోవచ్చేమో గానీ, గట్టి నేల మీద క్రాసు జాయింటో, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లో విరగక తప్పదు.

పళ్ల లెక్క:
విరుగుతుందని నేనూ ఒప్పుకుంటాను. నేను మాట్లాడింది టైరు సైజు మార్చినప్పటి సంగతి. దాన్ని ఎవరూ ఖండించలేదు.

నల్ల గ్రీజు:
అడిగినవారు బ్రేకుల కోసం వచ్చారు. టైర్లు పక్కన పెట్టండి.

షిమ్ముల డబ్బా:
బ్రేకుల దగ్గరికే వస్తాను. అసలు ప్రమాదం అక్కడే ఉంది. డ్రమ్ములకు చేసిన, పెడలు తొక్కితే బ్రేకు ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండరు నుంచి వెళ్లే లైనులో, షూలు వెనక్కి పూర్తిగా పోకుండా చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడిని నిలిపే వాల్వు ఉంటుంది. అదే సిలిండరుకు డిస్కులు తగిలిస్తే, కాలు తీసినా ప్యాడ్లు డిస్కును వదలవు. పోనీ ఆ వాల్వు తీసేస్తే, ఈ జీపులో మాస్టర్ సిలిండరు అడుగుభాగంలో, డిస్కు ప్యాడ్లను నొక్కే కాలిపర్ల కంటే కిందే ఉంటుంది కాబట్టి బ్రేకు ఆయిలు వెనక్కి జారిపోయి మొదటి తొక్కుడు వృథా అవుతుంది. అందుకే 2 పౌండ్ల వాల్వు విడిగా వేయాలి. ఇరుసు వేసేయండి అని ఒక్క మాటలో చెప్పినవారు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు? దిమ్మలు కోసి వెల్డింగ్ చేసేటప్పుడు కాస్టర్ కోణం (చక్రం పక్కలకు తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీల దగ్గర నిలబడాలని ఎందుకు చెప్పలేదు? ఆ కోణం తప్పితే ఇప్పుడున్న వణుకు రెట్టింపు అవుతుంది. కాస్టర్ సరిచేయబోతే అదే హౌసింగులో ఉన్న పినియను మూతి కూడా పైకో కిందికో తిరుగుతుంది.

పాత ఇనుము:
చెప్పలేదంటే తెలియదని కాదు. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ చెబుదామనుకున్నాను. మీకు తుక్కు సామానంటేనే చులకన అని మొదటి జవాబులోనే అర్థమైంది. పాత ఇరుసును బాగుచేయమంటున్నారు, మంచిదే, దేనితో బాగుచేయాలి? నేను కూడా మీ మాటలాంటి మాట విని, మూలరూపం చెడకూడదని కింగ్ పిన్ బేరింగులు, చక్రం బేరింగులు కూర్చునే స్పిండిలు అన్నీ కొత్తగా తయారైనవే కొన్నాను. ఏడాది తిరగకుండానే ఒక స్పిండిలు మరలు మెత్తబడి, నట్టు కదిలి, చక్రం ఊగుతూ ఇంటికి వచ్చాను. బండిలో మా అమ్మ ఉన్నారు. ఆ స్పిండిలు కొత్తది, పెట్టెలోంచి తీసినది, మెరుస్తున్నది. దాని బదులు తుక్కులోంచి తెచ్చి వేసిన పాత స్పిండిలు ఈ రోజుకీ నిలిచి ఉంది. దశాబ్దాల పాటు బరువు మోసి పగలని ఇనుము తన పరీక్ష తాను పాసైనట్టే. తుక్కు సామాను లేకపోతే నా బండే ఈపాటికి తుక్కులో ఉండేది. చరిత్ర ప్రదర్శనశాలలో పెట్టుకోవడానికి కాదు మేము బండ్లు ఉంచుకున్నది.

షిమ్ముల డబ్బా:
దశాబ్దాలు మోసిన ఇనుము రేపు కూడా మోస్తుందని ఎవరు చెప్పారు? అది ఎన్నిసార్లు గోతిలో పడిందో, ఎవరు ఎక్కడ వేడిచేసి వంపు తీశారో మీకు తెలుసా? ప్రదర్శనశాల మాట అనవసరం. నా బండి నెలలో ఇరవై రోజులు పనిచేస్తుంది.

రెండో గేరు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

షిమ్ముల డబ్బా:
నెమ్మదిగానే చెబుతాను, పూర్తిగా చెబుతాను. నేను ఇలాంటి జీపునే ఒకాయన దగ్గర కొన్నాను. ముందు డిస్కులు, కొత్త రంగు, చూడముచ్చటగా ఉంది. కొన్న రెండో వారంలో ఒక పెద్ద దిగుడులో ముందు చక్రాల నుంచి కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే పెడలు నేలకు తగిలింది. ఆ వాల్వే కారణం: ప్యాడ్లు రాసుకుని, రాసుకుని ఆయిలు మరిగిపోయింది. గట్టుకు రాసి బండిని ఆపాను. అదీ నా అసలు కష్టం కాదు. తరువాత కాలిపరు కొనబోతే అది ఏ బండిదో ఎవరికీ తెలియదు. మాస్టర్ సిలిండరు మరో బండిది, గొట్టాల మరలు ఇంకో కొలతవి. అమ్మినాయనను అడిగితే తనకు ముందున్నవారు చేయించారన్నారు. ఐదు నెలలు ఆ బండి కదలలేదు. పాత ఇరుసును దిమ్మలతో సహా కోసి పారేశారు కాబట్టి వెనక్కి వెళ్లే దారి కూడా లేదు. తుక్కు సామానంటే నాకు చులకన లేదు, నా గేరుబాక్సులో సగం అదే. తిరిగి సరిచేయడానికి వీల్లేకుండా కోయడం, ఏం కోశారో చెప్పకుండా పోవడం, ఈ రెంటి మీదే నా కోపం.

పాత ఇనుము:
మీకు జరిగినది దారుణం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆయన చేసిన తప్పుకు శిక్ష నాకెందుకు? నా బండి నా చేతిలోది. దాని ప్రతి బోల్టూ నాకు తెలుసు. నేను ఉన్నన్నాళ్లు నేనే నడుపుతాను, నేనే విప్పుతాను. ఎప్పుడో ఎవరో కొంటారని ఈ రోజు నాకు పట్టే బ్రేకులు వద్దనుకోవాలా?

షిమ్ముల డబ్బా:
అక్కడే మీకూ నాకూ చుక్కెదురు. మీ దృష్టిలో బండి నడిపేవారిది. నా దృష్టిలో నడిపేవారు, దానికి మధ్యలో వచ్చిన కాపలాదారు. మీకు తెలిసిన ప్రతి బోల్టూ మీ అబ్బాయికి తెలుసా? మీకు ఒంట్లో బాగోలేని రోజున ఆ బండి వేసుకుని మందులకు వెళ్లేది ఎవరు?

పాత ఇనుము:
మా అబ్బాయికి తెలియదు. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా కోయకూడదన్న దాన్ని ఒప్పుకోను. జీపులను తయారుచేసినవారే 1972 నుంచి ముందు నకిల్ మార్చారు, 1977 నుంచి డిస్కులు పెట్టారు. వాళ్లు మార్చుకుంటే అభివృద్ధి, నేను మార్చుకుంటే అపచారమా?

షిమ్ముల డబ్బా:
వాళ్లు మార్చిన ప్రతిసారీ పుస్తకం అచ్చువేసి ఇచ్చారు.

నల్ల గ్రీజు:
తెచ్చిన ఇరుసులో ఒకటి చూడండి: గొట్టం గుండులోకి దూరే చోట తుప్పు గీత చుట్టూ తిరిగి ఉంటే గొట్టం లోపల కదిలిందని అర్థం. ఒక గుడ్డతో తుడిచి, కిరోసిన్ రాసి, ఆరాక సుద్దపొడి పూయండి. పగులుంటే సుద్ద మీద తడి గీత తేలుతుంది.

పళ్ల లెక్క:
4.88 జోడీ వేసినప్పుడు స్పీడోమీటరు దాదాపు 9 శాతం తక్కువ చూపిస్తుంది, దాని చిన్న గేరు కూడా మార్చుకోవాలి. ఇది టైరు సైజు మార్చకపోతేనే.

ఎత్తు బానెట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మొత్తం బండి కిందే గడిపాను. కుడి చక్రంలో ఆట బ్రేకు తొక్కితే పోయింది, ఎడమ చక్రంలో పోలేదు. ఎడమవైపు కింగ్ పిన్ కింది మూత విప్పితే బేరింగు గిన్నెలో రోలర్లు కొట్టుకున్న గుంటలు వరుసగా కనిపించాయి, గోరు పెడితే ఆగుతోంది. షూల మీద చేయి పెడితే నల్లటి ఆయిలు అంటుకుంది. బెల్ క్రాంకు అర అంగుళం ఊగుతోంది. షిమ్ముల డబ్బా గారు చెప్పిన మూడూ ఉన్నాయి.

తెచ్చిన ఇరుసుకు సుద్ద పూశాను. ఎడమ గొట్టం మొదట్లో వేలెడు పొడవున తడి గీత తేలింది. ఆ హౌసింగును ఇక వాడను. పాత ఇరుసునే కోయకుండా బాగుచేస్తున్నాను. కింగ్ పిన్ బేరింగు కోసం మాత్రం పాత ఇనుము గారి మాట పట్టుకుని, పాడైన మరో జీపు నుంచి తీసిన గుంటలు లేని జతను ఏరుకున్నాను. బ్రేకులకు తరువాతి జీపుల 11 అంగుళాల డ్రమ్ములు, ముందూ వెనుకా విడివిడిగా పనిచేసే రెండు గదుల మాస్టర్ సిలిండరు తుక్కులోనే చూస్తున్నాను. నీళ్ల బాధ డ్రమ్ములతో పూర్తిగా తీరదని తెలుసు, దాటిన తరువాత పెడలు మీద కాలు ఆనించి ఆరబెట్టుకుంటాను.

ఏ ముక్క ఏ బండి నుంచి, ఏ సంవత్సరం నమూనా నుంచి తీశానో ఒక నోటుపుస్తకంలో రాసి, సీటు కింది పనిముట్ల పెట్టెలో పెట్టాను. మొదటి పేజీలో ఇప్పటికి రాసింది: వెనుక 43, 8. ముందు 43, 8.

పాత ఇనుము:
సుద్ద గీత ఫొటో పెట్టండి. ఆ పగులు వెల్డింగుకు లొంగేదో కాదో చూస్తాను.

షిమ్ముల డబ్బా:
ఇరుసు గొట్టం పగులుకు వెల్డింగా? మళ్లీ మొదలుపెట్టారు.