డర్బన్ నుంచి హ్లుహ్లువే పార్కుకి ఒక్కదాన్నే కారులో వెళ్లొచ్చా?

కవిటి నుంచి వచ్చిన చెల్లి అడిగింది:

అందరికీ నమస్కారం. మాది కవిటి. ప్రాజెక్టు మీద ఈ మధ్యనే దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చాను, ఉమ్హ్లాంగాలో ఉంటున్నాను. వచ్చిన దగ్గర నుంచి హ్లుహ్లువే వన్యప్రాణుల పార్కు చూడాలని ఉంది. ఆఫీసులో తోడు రావడానికి ఎవరికీ కుదరడం లేదు. కారు అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే వెళ్లొచ్చా? ఉదయం బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చా? అమ్మకి చెబితే "పులులూ సింహాలూ ఉన్నచోటికి ఒక్కదానివే వెళ్లడం ఏటే" అని ఒకటే టెన్షన్. ఇంటి దగ్గర కారు బాగానే నడిపేదాన్ని, లైసెన్సు కూడా శ్రీకాకుళంలో తీసుకున్నదే. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కాశీబుగ్గ అక్క:

చెల్లీ, తప్పకుండా వెళ్లు. నేను డర్బన్‌లో చాలా ఏళ్లు ఉండి ఇప్పుడు శ్రీకాకుళం వచ్చేశాను. ఆ దారిలో పిల్లలతోనూ వెళ్లాను, ఒక్కదాన్నీ వెళ్లాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు అమ్మ సంగతి. ఆఫ్రికా అడవుల్లో పులులు లేవని అమ్మకి చెప్పు. సింహాలు, చిరుతలు ఉన్నాయి, నిజమే. కానీ మన ఉద్దానంలో తెల్లారకముందే జీడితోటలోకి నడిచి వెళ్లే మనిషికి ఎలుగుబంటి వల్ల ఎంత భయమో అమ్మకి తెలుసు కదా. దానితో పోలిస్తే, తలుపులు మూసుకుని కారులో కూర్చున్న మనిషికి ఆ పార్కులో ప్రమాదం చాలా తక్కువ. కారు దిగనంతవరకూ నువ్వు క్షేమం. నువ్వు భయపడాల్సింది జంతువులకి కాదు, చీకటి పడ్డాక దారికి. నేను చెప్పేవన్నీ దీని చుట్టూనే ఉంటాయి.

డర్బన్ నుంచి ఎన్2 హైవే మీద ఉత్తరంగా మ్తుబటుబా దాకా వెళ్లి, అక్కడ ఎడమవైపు ఆర్618 రోడ్డు పట్టుకుంటే పార్కులోకి వెళ్లే న్యాలాజి గేటు వస్తుంది. ఆగకుండా వెళ్తే సుమారు 3 గంటలు. ఇప్పుడు లెక్క వెనక నుంచి వేసుకో. జూన్‌లో డర్బన్‌లో సాయంత్రం 5 దాటిన కాసేపటికే పొద్దు కుంకుతుంది. చీకటి పడేలోపు ఇంటికి చేరాలంటే మధ్యాహ్నం 1:30 కల్లా గేటు దాటాలి. పొద్దున్న వెలుగు వచ్చాకే బయల్దేరావంటే పార్కులోకి వెళ్లేసరికి 10 అవుతుంది. ఇక నీకు మిగిలేది ఎండ ముదిరిన ఆ మూడున్నర గంటలే. ఆ టైములో జంతువులన్నీ చెట్ల నీడకి చేరిపోతాయి. ఉత్త చెట్లు చూసి వెనక్కి వస్తావు.

డిసెంబరు, జనవరిలో అయితే పొద్దు 7 దాకా ఉంటుంది. గేట్లు కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం 5కే తెరుస్తారు, మిగతా నెలల్లో 6కి. అప్పుడు ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. కానీ అది వానాకాలం. గడ్డి ఏపుగా పెరిగి పక్కనే జంతువు పడుకున్నా కనపడదు. మే నుంచి సెప్టెంబరు దాకా ఎండు కాలం, అక్కడ చలికాలం కూడా అప్పుడే. గడ్డి వాడిపోయి, మడుగులు ఇంకిపోయి, జంతువులన్నీ నీళ్లున్న చోటికి వస్తాయి. చూడ్డానికి అదే మంచి సమయం. అందుకే నా మాట విని చలికాలంలో వెళ్లు, ఒక రాత్రి అక్కడే ఉండు. పార్కు లోపల హిల్‌టాప్ క్యాంపు ఉంది. అందులో దొరక్కపోతే మ్తుబటుబాలో గానీ సెయింట్ లూసియాలో గానీ గది తీసుకో. శనివారం మధ్యాహ్నం నిదానంగా వెళ్లి పడుకుని, ఆదివారం 6 గంటలకి గేటు దగ్గర ఉండు. 12 దాకా చూసుకుని బయటికి వచ్చేస్తే పగటి వెలుగులోనే ఇల్లు చేరతావు. సెయింట్ లూసియాలో ఉంటే మాత్రం చీకటి పడ్డాక వీధిలో నడవకు. ఆ ఊళ్లో రాత్రిపూట నీటిగుర్రాలు రోడ్ల మీదకి మేతకి వస్తాయి.

దారి సంగతి. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి కాబట్టి కొత్త ఉండదు. హైవే మీద 120 దాటకు, కెమెరాలు ఉంటాయి. టోల్‌గేట్లు టోంగాట్ దగ్గర, మ్వోటి దగ్గర, మ్టుంజిని దగ్గర వస్తాయి. కార్డు పని చేస్తుంది, అయినా కొంచెం నగదు ఉంచుకో. పెట్రోలు మ్తుబటుబాలో ఫుల్ చేయించు. లైసెన్సు ఒరిజినల్ కార్డు, పాస్‌పోర్టు రెండూ దగ్గర పెట్టుకో, ఫోన్లో డిజిలాకర్‌ని నమ్ముకోకు. కొన్ని అద్దె కార్ల కంపెనీలు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతాయి, బుక్ చేసేముందే కనుక్కో. ఆర్618 మీదకి తిరిగాక వేగం బాగా తగ్గించు. ఆవులు, మేకలు రోడ్డుకి అడ్డంగా వస్తాయి, బడి పిల్లలు అంచునే నడుస్తుంటారు. చీకట్లో ఆ రోడ్డు మీద నల్ల ఆవు బంపరు దగ్గరికి వచ్చేదాకా కనపడదు. తలుపులు లాక్ చేసుకో, బ్యాగు సీటు మీద పెట్టకుండా డిక్కీలో పెట్టు. దారిలో ఎవరైనా చెయ్యెత్తి ఆపమన్నా, రోడ్డు మీద రాయి కనపడినా అక్కడ ఆగొద్దు. వీలైతే పక్క నుంచి వెళ్లి ఏ పెట్రోలు బంకులోనో ఆగు.

ఇక లోపల. సిగ్నల్ సరిగా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో. గేటు దగ్గర కాగితం మ్యాప్ దొరికితే అదీ తీసుకో. వేగం 40 దాటకూడదు. నువ్వు 20లోనే వెళ్లు. ఒక్కదానివే వెళ్లినప్పుడు ఇబ్బంది ఏమిటంటే రోడ్డూ నువ్వే చూడాలి, అడవీ నువ్వే చూడాలి. అందుకని జంతువుల కోసం తిరగడం కంటే మంచి చోటు చూసి ఆగడం మేలు. నది వంపు కనిపించేచోట, మడుగు ఉన్నచోట కారు పక్కకి పెట్టి, ఇంజిను ఆపి, అద్దం సగం దించి అరగంట కూర్చో. మొదటి పది నిమిషాలు ఏమీ కనపడదు. తర్వాత నువ్వు ఎండుమోడు అనుకున్నది చెవి కదుపుతుంది. అది న్యాలా జింక. దాని వెనక ఇంకో నాలుగు ఉంటాయి. ఇంపాలా జింకలన్నీ మేత ఆపి ఒకే వైపు తలలెత్తి చూస్తున్నాయంటే నువ్వూ అటే చూడు, ఏదో వస్తోందన్నమాట. ఇలా కూర్చోవడానికి కారులో మనుషులు ఎక్కువైతే కుదరదు, ఎవరో ఒకరు పోదాం పోదాం అంటారు. ఒంటరిగా వెళ్తే ఆ తొందర ఉండదు, నాకు అందుకే ఒంటరిగా వెళ్లడం ఇష్టం.

ఆ పార్కుకే ఎందుకు వెళ్లాలో కూడా చెప్తాను. 1895లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, ఆఫ్రికాలోని అతి పాతవాటిలో ఒకటి. అప్పటికి దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వేటలో అంతరించిపోయాయనే అనుకున్నారు. ఈ పార్కులోని ఇంఫొలోజి నదుల మధ్య ఓ చిన్న గుంపు మాత్రం బతికింది. 1960ల్లో పార్కు అధికారి ఇయాన్ ప్లేయర్, ఆయన తోటివాళ్లు మత్తు సూది వేసి పట్టుకుని వాటిని వేరే పార్కులకి, వేరే దేశాలకి పంపారు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ దక్షిణాది తెల్ల ఖడ్గమృగం కనపడినా దాని మూలం ఈ నేలే. నేను మొదటిసారి ఒక తల్లినీ పిల్లనీ రోడ్డు పక్కనే చూసినప్పుడు గడ్డి పరపరా తెంపుతున్న చప్పుడు కారులోకి వినిపించింది. మూతి వెడల్పుగా, నేలని దువ్వుతున్నట్టు ఉంటుంది. నల్ల ఖడ్గమృగం మూతి కొనదేరి ఉంటుంది, అది గడ్డి కాకుండా ఆకులు, రెమ్మలు తింటుంది. దూరం నుంచి గుర్తుపట్టడానికి ఇంకొక గుర్తు ఉంది. పరుగెత్తేటప్పుడు తెల్లదాని పిల్ల తల్లి ముందు ఉంటుంది, నల్లదాని పిల్ల తల్లి వెనక ఉంటుంది. నల్లది కనపడడం అదృష్టం, కానీ దానికి కోపం ఎక్కువ, దూరంగా ఉండు.

కొమ్ములు కోసేసిన ఖడ్గమృగాలు కనపడితే కంగారుపడకు. 2023లో ఈ ఒక్క పార్కులోనే వేటగాళ్లు 307 ఖడ్గమృగాలని చంపారు. దక్షిణాఫ్రికా మొత్తం మీద ఆ ఏడాది చనిపోయినవి 499. అందుకని 2024లో పార్కు వాళ్లే మత్తు ఇచ్చి కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. కొమ్ము మన గోరులో ఉండే పదార్థమే, మళ్లీ పెరుగుతుంది, దానికి నొప్పి ఉండదు. ఒక్క విషయం మాత్రం చేతులు జోడించి అడుగుతున్నా. ఖడ్గమృగం ఫొటో ఫలానా చోట, ఫలానా టైములో అని అప్పటికప్పుడు ఎక్కడా పెట్టకు. ఫోన్లో లొకేషన్ ఆపేసి ఫొటో తియ్యి. వేటగాళ్లూ అవి చూస్తారు.

రాజాం అన్నయ్య, స్టాంగర్ నుంచి:

అక్క అన్నీ చెప్పేశారు. నేను ఆ దారి గురించి రెండు మాటలు కలుపుతాను. టోంగాట్ దాటినప్పటి నుంచీ రెండు వైపులా చెరకు తోటలు కనపడతాయి తల్లీ. ఊరికే దాటి వెళ్లిపోకు. 1860 నుంచి 1911 దాకా లక్షా 52 వేల మంది మన దేశం నుంచి నేటాల్‌కి, అంటే ఈ ప్రాంతానికే, కూలి ఒప్పందం మీద వచ్చారు. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు కదా, 1950లో ఏర్పడింది. ఓడ జాబితాల్లో గంజాం, విశాఖపట్నం అని జిల్లా పేరు ఉంటుంది, కింద తాలూకా, ఊరు. మీ కవిటి, సోంపేట వైపు అప్పట్లో గంజాంలోనే ఉండేవి. ఈ చెరకు నరికినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకుని పిల్లలకి తెలుగు నేర్పించుకున్నారు. నాకు తెలిసిన ఒక పెద్దావిడ తెలుగు సరిగా మాట్లాడలేరు గానీ సంక్రాంతికి ముగ్గు పెడతారు, ఆవిడ చేసిన ఉలవచారు మన ఇంట్లోదే. తిరుగు ప్రయాణంలో పొద్దు ఉంటే స్టాంగర్‌లో ఆగు, మా ఇంట్లో భోజనం చేసి వెళ్దువుగాని. మా ఆవిడ కూడా చూడాలంటోంది.

కవిటి చెల్లి:

అక్కా, అన్నయ్యా, చదువుతుంటే ఇంటివాళ్లతో మాట్లాడినట్టే ఉంది. ఒక రాత్రి ఉండేలాగే వెళ్తాను. ఇంకో మూడు అడగనా? ఏనుగులు రోడ్డుకి అడ్డంగా నిలబడితే ఏం చేయాలి? పాలకొండ, కొమరాడ వైపు ఏనుగులు మనుషుల్ని చంపిన వార్తలు చూసి చూసి నాకు వాటంటేనే భయం. టైరు పంక్చరైతే దిగొచ్చా? బాత్‌రూమ్ సంగతి ఏంటి?

కాశీబుగ్గ అక్క:

మంచి ప్రశ్నలు. మనవైపు ఏనుగులు ఒడిశా నుంచి దిగి చేలల్లోకి వస్తాయి. మనుషులు డప్పులు కొట్టి, టపాకాయలు కాల్చి తరుముతారు, అవి బెదిరి తిరగబడతాయి. పార్కులో ఏనుగుని ఎవరూ తరమరు, అందుకే చాలావరకు దాని దారిన అది పోతుంది. హారన్ మాత్రం కొట్టకు. దూరంగా, కనీసం 50 మీటర్లు వదిలి ఆగు. ఇంజిను ఆపొద్దు. వెనక్కి వెళ్లే దారి ఉండేలా చూసుకో. తల్లికీ పిల్లకీ మధ్య కారు పోనివ్వకు, మంద సగం దాటింది కదా అని మిగతా సగం ముందు నుంచి దూరిపోకు. మగ ఏనుగు ఒంటరిగా వస్తుంటే చెంపలు చూడు. కంటికీ చెవికీ మధ్య నుంచి నల్లగా తడి గీత కారి, వెనక కాళ్ల లోపలివైపు తడిసి ఉంటే అది మదంలో ఉన్నట్టు. ఫొటో సంగతి మర్చిపోయి మెల్లగా రివర్స్ వెళ్లిపో. ఎంతసేపు పట్టినా అది పోయాకే నువ్వు కదులు. అందుకే గేటు మూసే టైముకి అంచు మీద ప్లాన్ చేసుకోవద్దని చెప్పేది, ఏనుగు గంటసేపు రోడ్డు మీద నిలబడ్డా నీకు టెన్షన్ ఉండకూడదు.

పంక్చరైతే దిగకు. లోపలికి వెళ్లేముందే గేటు దగ్గర ఎమర్జెన్సీ నంబరు అడిగి కాగితం మీద రాసుకో. సిగ్నల్ లేకపోతే కారులోనే కూర్చుని వచ్చే కారుని ఆపు. అక్కడ ఒకరికొకరు ఆగి "ఏమైనా కనపడ్డాయా" అని అడగడం మామూలే, ఎవరో ఒకరు సాయం చేస్తారు. వాన పడ్డ రోజు మట్టి రోడ్ల జోలికి పోకు, తారు రోడ్డు చాలు.

బాత్‌రూమ్ గేటు దగ్గర ఒకసారి వెళ్లు, అవసరం లేకపోయినా వెళ్లు. తర్వాత హిల్‌టాప్‌లో ఉంది, పిక్నిక్ స్పాట్లలో ఉంది. పిక్నిక్ స్పాట్లకి కంచె ఉండదు, దిగేముందు ఒక నిమిషం చుట్టూ చూడు. నువ్వు తినేటప్పుడు అద్దాలు వేసుకో, కోతులు చేతిలో పొట్లం లాక్కుపోతాయి. పులిహోర కట్టుకెళ్లు, నీళ్లు రెండు పెద్ద సీసాలు పెట్టుకో. అక్కడ మలేరియా తక్కువే గానీ బొత్తిగా లేదని కాదు. సాయంత్రం పొడుగు చేతుల బట్టలు వేసుకో, దోమల క్రీము రాసుకో. వచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే హ్లుహ్లువే వెళ్లొచ్చానని డాక్టరుతో చెప్పు.

గది ఇప్పుడే బుక్ చేసుకో, బడి సెలవుల్లో హిల్‌టాప్ దొరకదు. ఆదివారం గేటు దాటి బయటికి రాగానే ముందు అమ్మకి ఫోన్ చెయ్యి. అక్కడ మధ్యాహ్నం 12:30 అంటే కవిటిలో సాయంత్రం 4. తర్వాత నాకూ ఒక మెసేజి పెట్టు, నల్ల ఖడ్గమృగం కనపడిందో లేదో చెప్పు.