క్రేన్ పక్షుల జంటనాట్యాన్ని స్కాటిష్ కంట్రీ డాన్స్‌గా కూర్చాలంటే స్ట్రాత్‌స్పే మేలా, రీల్ మేలా?

ప్రశ్న

నేను అబర్డీన్‌షైర్‌లో ఉంటూ మూడేళ్లుగా స్కాటిష్ కంట్రీ డాన్స్ తరగతికి వెళుతున్నాను. ఈసారి వార్షిక సమావేశానికి ఒక కొత్త నాట్యాన్ని కూర్చే పని మా గురువుగారు నాకు అప్పగించారు. కొన్ని శతాబ్దాల పాటు స్కాట్లాండులో గూడు కట్టని క్రేన్ పక్షులు 2012 నుంచి మా ప్రాంతంలోనే మళ్లీ గూడు కడుతున్నాయి గనుక, వాటి జంటనాట్యాన్నే వస్తువుగా తీసుకున్నాను. ఎదురెదురు వరుసల్లో నిలిచే మూడు జంటల్లో మొదటి జంటలోని పురుషుడు స్త్రీ చుట్టూ తిరుగుతూ ఆమెను మెప్పించడం, 32 బార్లలో (బార్ అంటే సంగీతంలో తాళపు ఒక కొలత) చివరి 8 బార్లకు ఇద్దరూ చేతులు కలపడం నా ఊహ. ఇది నిలుస్తుందా? నెమ్మదైన స్ట్రాత్‌స్పేలో కూర్చాలా, చురుకైన రీల్‌లోనా?

మొదటి జవాబు

క్రేన్ అనగానే మనం కొంగ అనేస్తాము గానీ, ఇది చెరువులో ఒంటరిగా చేప కోసం కాచుకునే కొంగ కాదు. కొంగ మెడ ముడుచుకుని ఎగురుతుంది, క్రేన్ మెడ చాచి ఎగురుతుంది. ఉత్తరప్రదేశ్ పొలాల్లో జంటలుగా తిరిగే సారస పక్షి దీనికి దగ్గరి బంధువు.

మీ ఊహలో నాకు అభ్యంతరం ఒక్కటే. నెమళ్లలో మగది ఆడితే ఆడది చూస్తుంది. క్రేన్లలో రెండూ తల వంచుతాయి, రెండూ రెక్కలు విప్పి పైకి గెంతుతాయి, గడ్డిపరకనో పుల్లనో ముక్కుతో గాలిలోకి విసురుతాయి. పైగా ఇది జత కోసమే సాగే ఆట కాదు. ఏళ్ల తరబడి కలిసి ఉన్న జంటలూ ఆడతాయి, జతకట్టే వయసు రాని పిల్లలూ ఆడతాయి, ఒక జంట మొదలుపెడితే ఆ ఊపు పక్కనున్న వాటికి అంటుకుని గుంపంతా ఆడటమూ కద్దు. కాబట్టి ఒకరు మెప్పించడం, మరొకరు మెచ్చడం అన్న కథను దయచేసి వదిలేయండి.

రెండవ జవాబు

పై మాట మన నాట్యానికి అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే ఇందులో స్త్రీ పురుషులు ఎదురెదురుగా నిలిచి ఒకే అడుగులు వేస్తారు. తల వంచడాన్ని మాత్రం ప్రత్యేకంగా చేర్చకండి. ప్రతి నాట్యమూ సంగీతంలో మొదటి స్వరగుచ్ఛం (కార్డ్) మోగగానే వందనంతోనే మొదలవుతుంది గనుక అది క్రేన్ వందనమని ఎవరికీ తోచదు. దాని బదులు 1–4 బార్లలో మొదటి జంట ఒకరి వైపు ఒకరు నడిచి వెనక్కు తగ్గాలి, 5–8లో చేతులు కలపకుండా ఒకరి వీపు వెనుక నుంచి ఒకరు చుట్టి రావాలి. 9–12లో వరుస వెలుపలి నుంచి రెండవ స్థానానికి దిగుతూ ఉండగా రెండవ జంట పైకి జరుగుతుంది, 13–16లో మొదటి జంట కుడిచేతులు కలిపి తిరుగుతుంది. 17–24లో రెండు పక్కలా ముగ్గురేసి అల్లుకుంటూ తిరగడం (ఈ అల్లికనూ రీల్ అనే అంటారు, ఇది స్ట్రాత్‌స్పేలోనూ ఉంటుంది), 25–32లో ఆరుగురూ చేతులు పట్టి వలయంగా వెళ్లి రావడం. ఇద్దరితో మొదలైన ఆట ఆరుగురికి పాకుతుంది, మీ పక్షులలో మాదిరిగానే.

మూడవ జవాబు

కూర్పు బాగుంది గానీ గెంతు ఏదండీ? క్రేన్ నాట్యానికి ప్రాణం ఆ గెంతే. రీల్‌లో వేసే పాద్‌బాస్క్ అనే అడుగులో చిన్న ఎగురు ఉంటుంది కాబట్టి రీల్ అయితేనే న్యాయం జరుగుతుందని నా అభిప్రాయం.

రెండవ జవాబు ఇచ్చినవారు

మీ మాటను కాదనలేను. అయినా క్రేన్ గెంతి దిగే తీరు గమనించండి: విప్పిన రెక్కల మీద తేలుతూ దిగుతుంది. రీల్‌లో ఆ తేలడానికి సమయం చాలదు. స్ట్రాత్‌స్పే సంగీతంలో పొట్టి స్వరం వెంటనే పొడుగు స్వరం వచ్చే స్కాచ్ స్నాప్ ఉంది. ఎగురు పాటలోనే ఉన్నప్పుడు పాదం సాగుతూ పోతే చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పురుషుడు చుట్టూ తిరిగే భాగం తీసేశాను, స్ట్రాత్‌స్పేకే నిశ్చయించుకున్నాను. వచ్చే తరగతిలో ఆరుగురితో నడిపించి చూస్తాను. 5–8 బార్లలో వీపు చుట్టేటప్పుడు చేతులు పక్కనే ఉంచాలా, రెక్కల్లా కొంచెం విప్పవచ్చా అన్నది గురువుగారినే అడగాలి.