కిడ్లింగ్టన్ ఊరా, టౌనా? 13 వేల మంది ఉన్నా ఇంకా విలేజ్ అనే అనాలా?

చెర్వెల్ గట్టు:
మొన్న ఇండియా నుంచి మా మామయ్యగారు వచ్చారు. కారులో తిప్పుతూ "మాది విలేజ్ మామయ్యా" అన్నాను. ఆయన కిటికీలోంచి సూపర్ మార్కెట్టు, పోలీసు ఆఫీసు, ఎయిర్‌పోర్టు బోర్డు చూసి, "అల్లుడూ, ఇది పల్లెటూరైతే మా మండల కేంద్రాన్ని ఏమనాలి?" అన్నారు. నాకు సమాధానం దొరకలేదు.

తెలియనివాళ్ల కోసం: ఇంగ్లండ్‌లోని మా కిడ్లింగ్టన్ ఆక్స్‌ఫర్డ్‌కు ఉత్తరాన ఎనిమిది కిలోమీటర్లు. తూర్పున చెర్వెల్ నది, పడమర ఆక్స్‌ఫర్డ్ కాలువ. 2011 జనగణనలో 13,723 మంది. థేమ్స్ వ్యాలీ పోలీసుల హెడ్‌క్వార్టర్స్ ఇక్కడే. ఎయిర్‌పోర్టు పేరేమో 'లండన్ ఆక్స్‌ఫర్డ్'. లండన్ ఎంత దూరమో మీకు తెలుసు కదా! 1980ల చివర్లో టౌన్‌గా మారదామా అన్న ప్రశ్న వస్తే జనమే వద్దన్నారట. నా ఓటు ఇలాగే ఉంచమని. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
నేను ఒప్పుకోను. పక్కనున్న ఉడ్‌స్టాక్ చూడండి. మూడు వేల చిల్లర జనం, దానికి టౌన్ అని పేరు, ఒక మేయరు. 12వ శతాబ్దంలో రెండో హెన్రీ రాజు అక్కడ సంత పెట్టుకోమన్నాడు కాబట్టి ఆ హోదా. దానికి నాలుగింతలున్న కిడ్లింగ్టన్ మాత్రం విలేజ్. ఇదేం లెక్క?

పైగా 'ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద విలేజ్ మాదే' అని ఒక పోటీ. హల్ నగరం దగ్గర కాటింగ్‌హామ్‌లో 17 వేల మంది, వాళ్లదీ అదే మాట. ఎదిగిన పిల్లాడికి ఉయ్యాల కట్టి ఊపినట్టుంది వ్యవహారం.

నేతిబీరకాయ:
మాస్టారూ, మీరు మన మునిసిపాలిటీ లెక్కలు ఇక్కడ వేస్తున్నారు. మన దగ్గర పంచాయతీని మునిసిపాలిటీలో కలిపితే వర్తించే చట్టమే మారిపోతుంది. ఇంటి పన్ను మారుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. అందుకే ఊళ్లు ధర్నాలు చేస్తాయి.

ఇక్కడ 1972 స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం ప్యారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది, ఒక తీర్మానం చేస్తే చాలు, టౌన్ అయిపోతుంది. ఛైర్మన్‌ను మేయర్ అంటారు. అంతే. కొత్త అధికారం లేదు, కొత్త పైసా రాదు. చెత్త తీసేదీ, ఇళ్లకు అనుమతులిచ్చేదీ చెర్వెల్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్. రోడ్లు, బడులు ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీవి. బోర్డు మారుతుంది, ఒకరి మెడలో మేయరు గొలుసు పడుతుంది. దానికోసం ఇంత గొడవా?

లెక్కల మాస్టారు:
ఏమీ మారనప్పుడు మార్చడానికి అభ్యంతరం దేనికి, నేతిబీరకాయ గారూ?

పాతరాతియుగం:
మీరిద్దరూ జనాభా, చట్టం దగ్గరే ఆగిపోయారు. ఊరి నేల చూడండి. మెయిన్ రోడ్డు వదిలేసి చర్చ్ స్ట్రీట్ చివరిదాకా నడిస్తే సెయింట్ మేరీ చర్చి వస్తుంది. 13వ శతాబ్దపు కట్టడం. మీదున్న శిఖరం 15వ శతాబ్దంలో చేర్చారు. సన్నగా ఉంటుంది కాబట్టి 'అవర్ లేడీస్ నీడిల్', అంటే మేరీమాత సూది అంటారు. దగ్గర్లోనే 1671లో సర్ విలియం మోర్టన్ తన భార్యాపిల్లల జ్ఞాపకంగా పేద వృద్ధుల కోసం కట్టించిన రాతి ఇళ్ల వరస. వాటిని దాటితే నదివైపు పచ్చిక బయళ్లు. జనవరిలో వెళ్లాను, గట్టు ఎక్కడో తెలియకుండా నీళ్లు నిలిచిపోయి ఉన్నాయి. కంచె కర్రలు తలలు మాత్రం పైకి పెట్టుకుని వరసగా నిలబడ్డాయి, ఆ నీళ్లలో చర్చి సూది తలకిందులుగా కదులుతోంది. నా బూట్లు నాశనమయ్యాయి, అది వేరే సంగతి.

1086 నాటి డోమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఉన్న ఊరు ఇదే. అప్పటివాళ్లు నది పొంగు అందనంత దూరంలో, మిల్లు నడపడానికి నీళ్లు అందేంత దగ్గరలో ఇళ్లు కట్టుకున్నారు. మిల్ స్ట్రీట్, మిల్ ఎండ్ అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఊరికి పెద్ద ఉమ్మడి బయలు కూడా ఉండేది. అందుకే పాత పేరు 'కిడ్లింగ్టన్ ఆన్ ది గ్రీన్'. 1818లో ఆ బయలుకు కంచెలు వేసి సొంత భూములుగా పంచేశారు, పేరులోంచి పచ్చదనం పోయింది.

మెల్లగా ఊరు కూడా నదికి వీపు పెట్టి పడమరకు జరిగింది. 1790లో కాలువ ఆక్స్‌ఫర్డ్‌దాకా వచ్చింది, దాని మీద బొగ్గు పడవలు. తర్వాత రైలు. ఆ స్టేషన్‌కు మొదట ఉడ్‌స్టాక్ రోడ్ అని పేరు. 1890లో ఉడ్‌స్టాక్‌కు సొంత స్టేషన్ వచ్చాక కిడ్లింగ్టన్ అని మార్చారు, 1964లో మూసేశారు. 1920ల నుంచి బాన్‌బరీ రోడ్డు పొడుగునా బంగళాలు వరసకట్టాయి. 1945 తర్వాత వాటి వెనక కాలనీలు.

కాబట్టి నా మాట: నది పక్కన ఉన్నది ఊరు, రోడ్డు పక్కన ఉన్నది ఆక్స్‌ఫర్డ్ శివారు. రెంటికీ ఒకే పేరు తగిలించి కొట్టుకుంటున్నాం.

బెన్‌మీడ్ బుల్లోడు:
శివారు అంటే నాకు కోపమొస్తుంది అన్నా! మా శివారు చూడటానికి చైనా నుంచి బస్సుల్లో వచ్చారు. 2016లో బెన్‌మీడ్ రోడ్డులో టూరిస్టులు దిగి మామూలు ఇళ్ల ముందు, పూలకుండీల పక్కన, పార్క్ చేసిన కార్ల పక్కన ఫొటోలు దిగారు. ఇక్కడివాళ్లకు అర్థం కాలేదు. అసలైన ఇంగ్లిష్ పల్లె చూడాలని వచ్చారని కొందరన్నారు. చివరికి ఒక టూర్ గైడు చెప్పిన కారణం వింటే నవ్వొస్తుంది: పక్కన ఉడ్‌స్టాక్‌లో ఉన్న బ్లెనిమ్ ప్యాలెస్ చూడటానికి అదనపు డబ్బు కట్టని వాళ్లను, సొంతంగా అక్కడికి వెళ్లకుండా, ఇక్కడ దించేవారట!

పాతరాతియుగం:
తమ్ముడూ, అది నా వాదనకే బలం.

వరి గింజ:
పాతరాతియుగం గారు నేల చూడమన్నారు, సరే, అదే నేల గురించి అడుగుతాను. విలేజ్ అన్న మాట పట్టుకుని వేలాడేది పరువు కోసం కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో కలిసిపోతామన్న భయంతో. మధ్యనున్న గ్రీన్ బెల్ట్ (నగరం చుట్టూ ఇళ్లు కట్టకుండా వదిలిన నేల) పొలాలే ఆ రెండింటినీ విడదీస్తున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో పట్టని ఇళ్ల కోసం 2020లో ఆమోదించిన ప్రణాళికలో కిడ్లింగ్టన్, బెగ్‌బ్రోక్, యార్న్‌టన్ చుట్టుపక్కల 4,400 ఇళ్లు పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు ఊరి అంచున 16,000 సీట్ల స్టేడియం కడతామంటున్నారు. ఊరి జనమంతా వెళ్లి కూర్చున్నా సీట్లు మిగులుతాయి. విలేజ్ అన్న మాట ఇందులో దేన్ని ఆపింది?

ఇంకో మాట. ఇళ్లు వద్దనేవాళ్లలో చాలామందికి ఇల్లు ఉంది. ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు చేసే మనవాళ్లు అద్దె కట్టలేక ఇంకా దూరం పోతున్నారు. నది, పచ్చిక అని మురిసిపోయేటప్పుడు వాళ్లనూ గుర్తుపెట్టుకోండి.

చెర్వెల్ గట్టు:
వరి గింజ గారూ, ఇళ్ల సంగతి ఒప్పుకుంటాను, నాకూ ఇక్కడ ఇల్లు దొరకడానికి రెండేళ్లు పట్టింది. కానీ పేరుకు బలం లేదంటే ఒప్పుకోను. తీర్మానాలు, మీటింగులు, పిటిషన్లు అన్నిట్లో 'మా ఊరు' అనే జనం కదులుతున్నారు. 'మా శివారు' అని ఎవరు వస్తారు?

నేతిబీరకాయ:
కదిలి ఏం లాభం? 2025 నవంబరులో కిడ్లింగ్టన్ దగ్గర, చెర్వెల్‌కూ ఏ34 రోడ్డుకూ మధ్య పొలంలో దొంగతనంగా పోసిన చెత్త గుట్ట బయటపడింది. పొడవు 150 మీటర్లు! వాన పడితే నదిలోకి జారుతుందని అందరికీ టెన్షన్. తీయాలంటే జిల్లా కౌన్సిల్ ఏడాది బడ్జెట్ చాలదని స్థానిక ఎంపీ అన్నారు. ప్యారిష్ కౌన్సిల్ ఉత్తరాలు రాయడం తప్ప ఏం చేయగలదు? టౌన్ అయినా అంతే, కాకపోతే మేయర్ గారి సంతకంతో వెళ్లేది ఉత్తరం.

లెక్కల మాస్టారు:
మేయర్ గారి సంతకానికి ఒక మర్యాద ఉంటుంది లెండి. నేను నా మాట మీదే ఉన్నాను. 2015లో ఆక్స్‌ఫర్డ్ పార్క్‌వే స్టేషన్ తెరిచాక ఇక్కడినుంచి నేరుగా లండన్ మేరిల్‌బోన్ వెళ్తున్నాం. పల్లెలో ఉన్నామని ఇంకెన్నాళ్లు అనుకుంటాం?

చెర్వెల్ గట్టు:
ఈ థ్రెడ్డంతా నిన్న ఫోన్లో మామయ్యగారికి చదివి వినిపించాను. మేయరు, చట్టం ఏదీ పట్టించుకోలేదాయన. "ఊరంటే సాయంత్రం నలుగురు కూర్చునే రచ్చబండ ఉండాలి కదా, అది ఎక్కడుంది?" అన్నారు.

పాతరాతియుగం:
1818లో కంచె వేశారని చెప్పండి.