చాంతాడంత ఎస్టిమేట్ ఇచ్చారు: ఇందులో ఏది అవసరం, ఏది వడ్డన?

నీలం హ్యాచ్‌బ్యాక్:

నమస్కారం. నాది పెట్రోలు కారు, ఏడేళ్ల పాతది, వారంటీ ఎప్పుడో తీరిపోయింది. బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా కీచుమని శబ్దం వస్తోంది. అది చూపిద్దామని ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చి వచ్చాను. గంట తిరగకుండానే ఫోనుకు ఎస్టిమేట్ వచ్చింది. ముందు ప్యాడ్లు, రెండు డిస్కులు, ఎడమ కాలిపర్, రెండు లోయర్ ఆర్మ్‌లు, బ్రేక్ ఫ్లూయిడ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ గ్యాస్. కారు అమ్మితే వచ్చే సొమ్ములో సగం దీనికే పోయేలా ఉంది.

ఇవన్నీ ఇప్పుడే చేయించాలా అని అడిగితే "మీ సేఫ్టీ, మీ ఇష్టం" అన్నారు. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. పని మొదలుపెట్టవద్దని చెప్పి కారు వెనక్కి తెచ్చుకున్నాను. కారు నడపడం, టైర్లలో గాలి చూసుకోవడం తప్ప నాకు తెలిసింది లేదు. నాలాంటివాళ్లు అక్కడ నిలబడి ఏం అడగాలి?

జాబ్ కార్డు:

సర్వీస్ కౌంటర్‌లో కూర్చుని ఎస్టిమేట్లు రాయడమే చాలాకాలం నా ఉద్యోగం. అటువైపు నుంచి చూసిన సంగతి చెబుతాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ధర దగ్గర బేరమాడతారు. బిల్లు పెరిగేది మాత్రం అక్కర్లేని పనుల దగ్గర. ప్యాడ్ల ధర కాస్త తగ్గించి, ఇంజిన్ ఫ్లష్ ఒకటి చేర్చితే మీరూ సంతోషంగా వెళ్తారు, వాళ్లూ సంతోషిస్తారు. అందుకని ధర సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు ప్రతి వరుస మీదా వేలు పెట్టి "ఇది ఏం చూసి రాశారు?" అని అడగండి.

బ్రేకుల సంగతే తీసుకోండి. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండువైపులా ప్యాడ్లు నొక్కితే కారు ఆగుతుంది. కొత్త ప్యాడ్ మీద రాపిడి పొర సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చాలి. చాలా ప్యాడ్లకు చిన్న లోహపు నాలుక ఒకటి ఉంటుంది. పొర అరిగాక అది డిస్కుకు తగిలి అరుస్తుంది. మీరు విన్నది అదే కావచ్చు. ప్యాడ్ల మధ్య దుమ్ము చేరినా, కారు వానలో నిలిచి డిస్కు తుప్పు పట్టినా శబ్దం వస్తుంది. ఏది కారణమో చక్రం విప్పి కొలిస్తే తప్ప తెలియదు. మీ డిస్కు మీదే అంచునో, మధ్య భాగంలోనో "కనీస మందం" ఇంత అని అంకె చెక్కి ఉంటుంది. కొలత ఆ అంకె కంటే ఎక్కువ ఉండి, లోతైన గాడులు లేకపోతే, బ్రేకు నొక్కినప్పుడు పెడల్ అదరకపోతే డిస్కు మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు. గంటలో మీ ఎస్టిమేట్ తయారైందంటున్నారు కదా, ఏ చక్రం విప్పారో అడగండి. విప్పి ఉంటే కొలతలు కాగితం మీద ఉంటాయి.

కాలిపర్ అంటే పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం. దాన్ని మొత్తం మార్చమనడం నాకు మరీ నచ్చలేదు. పిస్టన్ దగ్గర ఫ్లూయిడ్ కారుతున్నా, పిస్టన్ బిగుసుకుపోయినా మార్చమనడంలో అర్థం ఉంది. చాలాసార్లు బిగుసుకునేవి కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే పిన్నులే. వాటిని తీసి శుభ్రం చేసి, తగిన గ్రీజు పెడితే సరిపోతుంది. లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటి ప్యాడ్ అలాగే ఉంటే ముందు ఆ పిన్నులనే అనుమానించాలి.

ఇంజెక్టర్ క్లీనింగ్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగాలను శుభ్రం చేయడం), ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్ లోపల కడగడం) గురించి మీ కారు మాన్యువల్ తెరవండి. సర్వీస్ షెడ్యూల్ పట్టికలో ఆ పేర్లు లేకపోతే, కారు స్టార్ట్ కావడంలో, మైలేజీలో, ఇంజిన్ నడకలో ఏ తేడా లేకపోతే ఎందుకు చేయించాలి? ఏసీ గ్యాస్ కూడా అంతే. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గవచ్చు గానీ, చల్లదనం ఉన్నట్టుండి పడిపోయిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు పట్టుకోకుండా గ్యాస్ నింపితే మళ్లీ అదే కథ. మీ ఏసీ చల్లగానే ఉంటే అసలు ఆ వరుస ఎందుకు వచ్చినట్టు?

"మీ సేఫ్టీ, మీ ఇష్టం" అన్నారా! ఆ మాట కౌంటర్‌లో నేర్పిస్తారు. దానికి మర్యాదగానే జవాబు చెప్పవచ్చు: "వీటిలో ఈరోజే చేయకపోతే కారు నడపకూడనివి ఏవి, వచ్చే సర్వీసు దాకా ఆగగలిగినవి ఏవి? విడదీసి రాసివ్వండి." నిజంగా భద్రత గురించే చెబుతున్నవాళ్లు వెంటనే విడదీస్తారు.

కారు వదిలేటప్పుడు జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసుకునే కాగితం) మీద మీరు చెప్పిన సమస్య ఒక్కటే ఉండాలి. దాని కింద మీ చేతిరాతతో "ఫోన్ చేసి అనుమతి తీసుకోకుండా అదనపు పని చేయవద్దు, తీసిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలి" అని రాసి సంతకం పెట్టండి. ఖాళీ గడులున్న కార్డు మీద సంతకం పెట్టవద్దు. పాత భాగాలు ఇంటికి తెచ్చి మీరేమీ చేసుకోరు, కానీ అడుగుతారని తెలిస్తే మార్చకుండా మార్చామని రాసే ధైర్యం చాలామందికి ఉండదు.

గ్రీజు చేతులు:

జాబ్ కార్డు గారు చెప్పిన వాటిలో తప్పుపట్టేది లేదు. కానీ నేను మెకానిక్‌ని, మా వైపు మాట కూడా కొంచెం వినండి. కొలిచి చూపించమంటారు, బాగానే ఉంది. చక్రం విప్పి, కొలిచి, మళ్లీ బిగించడానికి సమయం పడుతుంది. ఆ తనిఖీకి డబ్బు అడిగితే "చూడటానికి కూడా తీసుకుంటారా?" అని వెళ్లిపోతారు. ఊరికే చూసి పెట్టేవాళ్లు ఆ ఖర్చును ఎక్కడ రాబట్టుకుంటారో ఇక వేరే చెప్పాలా? తనిఖీకి విడిగా డబ్బు తీసుకుని, పని చేయించుకున్నా చేయించుకోకపోయినా రిపోర్టు చేతికిచ్చేవాళ్లను వెతకండి. మీకు చౌకగా పడేది అక్కడే.

ఇంకోటి. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కోడ్ రీడర్ పెట్టి, వచ్చిన కోడును బట్టి నేరుగా పార్టు మార్చేసేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కోడు చెప్పేది లక్షణమే. ఉదాహరణకు పి0301 వచ్చిందంటే మొదటి సిలిండర్ మిస్‌ఫైర్ అవుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం. స్పార్క్ ప్లగ్ కావచ్చు, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న ఇంజిన్‌లో నేను మొదటిదాని కాయిల్ తీసి రెండోదానికి, రెండోది మొదటిదానికి పెట్టి నడిపిస్తాను. కోడు పి0302గా మారితే దోషం కాయిల్‌దే. మారకపోతే ప్లగ్ దగ్గరకు వెళ్తాను. కొత్త పార్టు ఒక్కటి కొనకుండానే తేలిపోతుంది. పి0420 వస్తే, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ మార్చాలని భయపెడతారు. అది ఖరీదైన వస్తువు. పొగ గొట్టంలో లీకు ఉన్నా, ఆక్సిజన్ సెన్సార్ సరిగా పనిచేయకపోయినా అదే కోడు రావచ్చు. అవి చూశారా అని అడగండి.

అదనంగా రాసిన ప్రతిదీ మోసం అనుకోకండి. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. దింపినప్పుడే రిలీజ్ బేరింగ్ కూడా మార్చమంటే అది మీ మంచికే, ఎందుకంటే ఆరు నెలలకు అది పోతే మళ్లీ అంత లేబరూ కట్టాలి. టైమింగ్ బెల్టుతో తిరిగే వాటర్ పంప్ విషయమూ అంతే. ఇలాంటి చోట అదనపు పార్టుకు డబ్బు ఇవ్వండి, లేబర్ మాత్రం రెండుసార్లు వేశారేమో చూడండి. ప్యాడ్లకు ఒక లేబర్, డిస్కులకు ఇంకో పూర్తి లేబర్ వేస్తే నిలదీయండి. చక్రం ఒక్కసారే కదా విప్పేది.

చివరగా ఒక మనవి. వచ్చీ రాగానే "ప్యాడ్లు మార్చండి" అనకండి. మీరు మార్చమన్నారు కాబట్టి మారుస్తారు, శబ్దం పోకపోతే తప్పు మీదే అవుతుంది. ఏ వేగంలో, ఎటువైపు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, బ్రేకు నొక్కితేనా వదిలితేనా, ఇవి చెప్పండి చాలు. వీలైతే పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి వినిపించండి.

నీలం హ్యాచ్‌బ్యాక్:

ఇద్దరికీ ధన్యవాదాలు. తనిఖీకి విడిగా డబ్బు తీసుకునే చోటుకే వెళ్లాను. దగ్గర నిలబడి చూడనిచ్చారు. ఎడమ చక్రం లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లు, బయటిది 6. కింది పిన్ను చేత్తో లాగితే కదల్లేదు, తుప్పుతో ఎర్రగా ఉంది. దాన్ని శుభ్రం చేసి గ్రీజు పెట్టారు, రెండువైపులా కొత్త ప్యాడ్లు వేశారు. డిస్కు మీద 20 అని చెక్కి ఉంది, మైక్రోమీటర్‌లో 21.4 వచ్చింది. డిస్కులు ఉంచేశాం. చక్రాన్ని కారు చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్‌ల దగ్గర కడ్డీ పెట్టి బలంగా ఎత్తి చూపించారు. బాల్ జాయింట్‌ వదులు కాలేదు, రబ్బరు బుష్‌లు చీలలేదు.

మొదటివాళ్లు రాసినవాటిలో ప్యాడ్లు కాక ఇంకొకటి కూడా అవసరమే అని తేలింది, బ్రేక్ ఫ్లూయిడ్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుందట. మాన్యువల్‌లో రెండేళ్లకోసారి మార్చాలని ఉంది, నా సర్వీసు కాగితాల్లో మార్చినట్టు ఎక్కడా లేదు. మార్పించాను. శబ్దం పోయింది.

వచ్చే నెల ఇంజిన్ ఆయిల్ మార్చాలి. అందులో చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

డిప్‌స్టిక్:

ఉన్నాయి. మాన్యువల్‌లో రెండు విషయాలు చూసి వెళ్లండి: 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడు ఏదో, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుందో. ఇంజిన్‌కు పట్టేది మూడున్నర లీటర్లయితే బిల్లులో ఐదు రాయడం చాలా మామూలు. పెద్ద డబ్బా తెరిచామంటారు. సరే, డబ్బా మొత్తానికి డబ్బు కట్టినప్పుడు మిగిలిన ఆయిల్ మీదే, అడిగి తెచ్చుకోండి. కారు తీసుకునే ముందు చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి కాసేపు ఆగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా మంచిది కాదు, కొంత తీయించండి.

ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చాలంటే పాతది తీసి వెలుతురుకు పెట్టి చూపించమనండి. చాలా కార్లలో నాలుగు క్లిప్పులు తీస్తే వచ్చేస్తుంది, మీరే మార్చుకోవచ్చు.